‘కొంచెం ఫాస్ట్‌గా ఉండాలి’: మాట ఎవరిది, మూల్యం ఎవరిది?

పీహెచ్‌డీకి రాకముందు మేము హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోడ్ రాశాం. ఇన్సూరెన్స్ క్లెయిముల లెక్కలు చూసే అప్లికేషన్ అది. ఒక గురువారం పొద్దున స్టాండప్ మీటింగ్ అయిపోయి అందరూ కదులుతుంటే మేనేజర్ మా వైపు తిరిగి, “రిపోర్టులు స్లోగా ఉన్నాయని క్లయింట్ అంటున్నాడు. కొంచెం ఫాస్ట్‌గా ఉండాలి, చూసుకో” అన్నాడు. “ఓకే” అన్నాం.

మూడు వారాలు చూసుకున్నాం. రిపోర్ట్ పేజీ తెరుచుకోవడానికి 40 సెకన్లు పట్టేది, 4 సెకన్లకు తెచ్చాం. అంకెలను గంటకోసారి ముందే లెక్కగట్టి దాచి ఉంచే ఏర్పాటు చేశాం. డెమో రోజు తెలిసింది, క్లయింట్ ఏడుపు ఆ పేజీ గురించి కాదని. నెలాఖరున వాళ్ల అకౌంట్స్ విభాగం డౌన్‌లోడ్ చేసుకునే ఎక్సెల్ ఫైల్ గురించి. పైగా గంట పాతబడిన అంకెలు అకౌంట్స్ వాళ్లకు పనికిరావు. అంటే చేసిన పని అక్కరకు రాలేదు సరికదా, కొంత వెనక్కి తీయాల్సి వచ్చింది.

మా పక్క సీటు సహోద్యోగికి ఈ ఎక్సెల్ సంగతి మొదటి వారమే తెలుసు. మేనేజర్‌తో టీకి వెళ్లినప్పుడు మాటల్లో వచ్చిందట. అతను దాచిపెట్టలేదు, మాకూ తెలుసనే అనుకున్నాడు. ఆ ఏడాది అప్రైజల్‌లో మా పేరు కింద పడిన మాట మాత్రం ఇది: అవసరాన్ని అర్థం చేసుకోవడంలో వెనుకబడి ఉన్నారు.

చాలాకాలం దీన్ని మా చేతకానితనంగానే మోశాం. కులం, పని గురించి చదవడం మొదలుపెట్టాక ఆ సంఘటన వేరేగా కనిపించింది. ఒక అస్పష్టమైన మాట పైనుంచి కిందికి వచ్చింది. ఆ మాటలోని ఖాళీని టీ కప్పు దగ్గర నింపారు. ఆ టీ దగ్గర లేనివాడి మీద దాని మూల్యం పడింది. మొదటి తరంలో ఐటీకి వెళుతున్న మన పిల్లలకు జావా, పైథాన్ నేర్పేవాళ్లు అమీర్‌పేటలో వీధికి పదిమంది ఉన్నారు. ఈ ఖాళీని ఎలా పూడ్చుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఈ వ్యాసం దాని గురించే.

అస్పష్టత ఎక్కడి నుంచి వస్తుంది

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ప్రతి అస్పష్టమైన ఆదేశం వెనుకా కుట్ర ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో ఇది పుట్టుకతో వచ్చిన సమస్య. ఫ్రెడ్ బ్రూక్స్ అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1986లోనే చెప్పాడు, సాఫ్ట్‌వేర్ తయారీలో అన్నిటికంటే కష్టమైన భాగం ఏమి తయారు చేయాలో కచ్చితంగా తేల్చుకోవడమేనని. తనకేం కావాలో క్లయింట్‌కే పూర్తిగా తెలియదు. చూశాక గానీ “ఇది కాదు” అని చెప్పలేడు. మధ్యలో ఉన్న మేనేజర్ ఫోన్‌లో సగం విని, అందులో సగం మనకు చెబుతాడు. తనకూ అర్థం కాలేదని ఒప్పుకుంటే చిన్నతనం అనుకుంటాడు.

2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని ‘అజైల్’ ప్రకటన రాశారు. అప్పటిదాకా వందల పేజీల పత్రాలు రాసి, సంతకాలు పెట్టి, ఏడాది తర్వాత ఎవరికీ అక్కరలేని సాఫ్ట్‌వేర్ ఇచ్చే పద్ధతి నడిచేది. దాని మీద తిరుగుబాటుగా వాళ్లు భారీ పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ ఇచ్చారు. సమాచారం చేరవేయడానికి ముఖాముఖి మాట్లాడుకోవడమే మేలైన దారి అన్నారు. పత్రాలు అసలే వద్దని వాళ్లు అనలేదు. కానీ మన కంపెనీల్లో చాలాచోట్ల అది “రాయడం ఎందుకు, మాట్లాడుకుంటే పోలా” అన్నంత వరకు వచ్చింది.

మాట్లాడుకుంటే నిజంగానే పని తేలికవుతుంది. అయితే ఆ మాటల్లోకి మనల్ని ఎవరు పిలుస్తారన్న ప్రశ్న ఆ ప్రకటనలో లేదు. యూటాలో అది వాళ్లకు తట్టే ప్రశ్న కాదు. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో అది అసలు ప్రశ్న.

ఖాళీని నింపేది ఎవరు

ఆఫీసులో కులం పేరు పెట్టి తిట్టేవాళ్లు అరుదు. ఇక్కడ కులం మరోలా పనిచేస్తుంది. లంచ్‌లో ఎవరి బాక్సు ఎవరి పక్కన తెరుచుకుంటుంది, శనివారం క్రికెట్‌కి ఎవరికి ఫోన్ వస్తుంది, మేనేజర్ గృహప్రవేశానికి ఎవరు వెళతారు, “మీది ఏ ఊరు, ఇంటిపేరేంటి” అన్న ఆరా ఎక్కడ ఆగుతుంది అన్నవాటిలో అది ఉంటుంది. ప్రాజెక్టు సమాచారంలో సగం ఆ దారుల్లోనే ప్రవహిస్తుంది. “రిపోర్టులు” అంటే ఎక్సెల్ ఫైల్ అని తెలిసేది అక్కడే. డెడ్‌లైన్ శుక్రవారం అన్నారు గానీ నిజానికి మంగళవారం దాకా పర్వాలేదని తెలిసేదీ అక్కడే.

కార్పొరేట్ రంగంలో తలుపు దగ్గరే వడపోత ఉందని 2007లో వెలువడిన పరిశోధనలు చూపించాయి. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు కులాలను సూచించే పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం తగ్గింది. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ కంపెనీల నియామకాల అధికారులతో మాట్లాడారు. మెరిట్ తప్ప మాకేం పట్టదన్నవాళ్లే ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం గురించి అడగడం మామూలు విషయంగా చెప్పుకొచ్చారు. తలుపు దాటి లోపలికి వచ్చాక ఆ వడపోత ఆగిపోతుందనుకోవడానికి కారణం లేదు. లోపల అది ప్రశ్నల రూపంలో కాక, చెప్పకుండా వదిలేసిన మాటల రూపంలో ఉంటుంది.

అడిగితే ఒక బాధ, అడగకపోతే ఒక బాధ

“అర్థం కాకపోతే అడగొచ్చు కదా” అంటారు. అడగడం అందరికీ ఒకే ధరకు దొరకదు. బడిలో, కాలేజీలో రెండోసారి డౌట్ అడిగితే “ఈ మాత్రం తెలియకుండా సీటెలా వచ్చింది” అన్న వెటకారం విన్నవాళ్లం మనం. ఆ జ్ఞాపకం మాదాపూర్ దాకా మనతోనే వస్తుంది. అందుకే మేనేజర్ సగం మాట చెప్పగానే నోట్లోంచి “ఓకే” వచ్చేస్తుంది. రాత్రి పదింటిదాకా కూర్చుని మిగతా సగం మనమే ఊహించుకుంటాం.

అడిగినా అందరి ప్రశ్నకూ ఒకే విలువ ఉండదు. మేనేజర్‌తో చనువున్నవాడు అదే ప్రశ్న అడిగితే “లోతుగా ఆలోచిస్తున్నాడు” అంటారు. రిజర్వేషన్‌లో చదివాడని ముందే గుసగుసలు పడ్డవాడు అడిగితే “బేసిక్స్ రావు” అంటారు. కాబట్టి ‘సిగ్గుపడకుండా అడగండి’ అన్న సలహా మనకు చాలదు. ఎలా అడగాలో కూడా తెలియాలి.

పైవాళ్లను మేనేజ్ చేయడం అంటే

ఐటీ భాషలో దీన్ని ‘మేనేజింగ్ అప్’ అంటారు. చాలామంది దీన్ని కాకా పట్టడంగా అర్థం చేసుకుంటారు. మేము చెప్పేది అది కాదు. మనకు పని చెప్పేవాళ్ల చేత తేల్చాల్సినవి సమయానికి తేల్పించడం, తేల్చారన్న ఆనవాలు ఉంచుకోవడం. మా ‘ఫాస్ట్’ కథనే తీసుకుని చూద్దాం. ఆరోజు మేము ఏం చేసి ఉండాల్సింది?

మొదటిది, ప్రశ్నను ప్రతిపాదనగా మార్చడం. “అర్థం కాలేదు” అనే బదులు “నేను ఇలా అర్థం చేసుకున్నాను, ఇలా మొదలుపెడుతున్నాను” అని అదే రోజు రెండు లైన్ల మెయిల్ పెట్టాల్సింది. సారం ఇలా ఉంటుంది: “పొద్దున మీరు చెప్పిన రిపోర్టుల పని గురించి. రిపోర్ట్ పేజీ తెరుచుకునే సమయాన్ని 40 సెకన్ల నుంచి 5 సెకన్ల లోపుకు తేవడం లక్ష్యంగా పెట్టుకుంటున్నాను. ఎక్సెల్ డౌన్‌లోడ్‌ను ప్రస్తుతం ముట్టుకోవడం లేదు. మార్పులేమైనా ఉంటే సోమవారంలోపు చెప్పండి, సోమవారం పని మొదలుపెడతాను.” ఇందులో తెలియనితనం ఎక్కడా కనిపించదు. ‘ముట్టుకోవడం లేదు’ అన్న వాక్యమే ఇందులో ప్రాణం. మనం చేయబోయేది చదివి తల ఊపేవాళ్లు కూడా, చేయబోనిది చదివితే ఆగుతారు. ఆ ఒక్క వాక్యం ఉంటే మా మూడు వారాలు మిగిలేవి.

రెండోది, విశేషణాలను అంకెల్లోకి, సందర్భంలోకి దించడం. ‘ఫాస్ట్’, ‘సింపుల్’, ‘స్మార్ట్’, ‘యూజర్ ఫ్రెండ్లీ’ లాంటి మాటలు ఎవరికి నచ్చినట్టు వాళ్లు నింపుకునే ఖాళీ డబ్బాలు. వాడేది ఎవరు? ఏ రోజు, ఎంత డేటాతో? ఇప్పుడు ఎంతసేపు పడుతోంది, ఎంతకు తెస్తే చాలు? ఏది చెడిపోకూడదు? ఈ ప్రశ్నల్లో చివరిదాన్ని ఎవరూ అడగరు. అడిగి ఉంటే గంట పాత అంకెలు పనికిరావని మాకు ముందే తెలిసేది.

మూడోది, ఒక ఉదాహరణ రాసి చూపించడం. “అకౌంట్స్ ఉద్యోగి నెల చివరి రోజు ఆ నెల క్లెయిములన్నీ డౌన్‌లోడ్ నొక్కితే నిమిషంలోపు ఫైల్ రావాలి, అందులో ఆ క్షణం వరకున్న అంకెలు ఉండాలి” అని రాస్తే ఇక వాదనకు తావుండదు. టీముల్లో దీన్నే యాక్సెప్టెన్స్ క్రైటీరియా అంటారు. పని పూర్తయిందని దేన్ని చూసి ఒప్పుకుంటారో ముందే చెప్పే వాక్యం అన్నమాట. జిరా టికెట్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే మనమే నింపి, మేనేజర్‌ను ట్యాగ్ చేయాలి.

నాలుగోది, కుదరదు అనకుండా లెక్క చెప్పడం. “అదీ చేసేయ్, ఇదీ చేసేయ్” అన్నప్పుడు మనవాళ్లలో చాలామంది మౌనంగా నెత్తికెత్తుకుంటారు. అలా కాకుండా రెండు దారులు ముందు పెట్టాలి. “డేటాబేస్‌లో ఇండెక్స్ మార్చి చూస్తే మూడు రోజులు పడుతుంది, సమయం సగానికి తగ్గొచ్చు. మొత్తం తిరిగి కడితే మూడు వారాలు పడుతుంది, అప్పుడు లాగిన్ పని వచ్చే నెలకు పోతుంది. ఏది చేయమంటారు?” అని అడగాలి. అప్పుడు నిర్ణయం జీతం తీసుకుని నిర్ణయించాల్సినవాళ్ల దగ్గరకే వెళుతుంది.

అయిదోది, తొందరగా చూపించడం. మూడు వారాలు ఆగి డెమో ఇవ్వకుండా మూడో రోజే సగం పనిని చూపించాలి. అసంపూర్తిగా చూపిస్తే తక్కువ చేసి చూస్తారన్న భయం మనకు ఎక్కువ. అందుకే అన్నీ చక్కబెట్టుకుని చూపిద్దామని దాచుకుంటాం. ఆ దాచుకోవడమే మనల్ని ముంచుతుంది. తప్పు దారిలో మూడు రోజులు పోతే సర్దుకోవచ్చు.

రాతకు దొరకని మేనేజర్

కొందరు మెయిల్‌కు జవాబివ్వరు. ఫోన్‌లోనే చెబుతారు. “ప్రతిదానికీ మెయిల్ ఏంటి బ్రో, నమ్మకం లేదా” అని నవ్వుతూ అంటారు. అలాంటివాళ్లతో గొడవ పెట్టుకోనక్కరలేదు. మాట్లాడిన అరగంటలో టీమ్ చాట్‌లో “ఇప్పుడు అనుకున్న ప్రకారం ఎక్సెల్ పని ముందు, పేజీ పని తర్వాత” అని ఒక్క లైన్ పెడితే చాలు. విడిగా కాకుండా టీమ్ అందరూ చూసేచోట పెట్టడం మంచిది. మీటింగుల్లో మినిట్స్ రాసే పని ఎవరికీ ఇష్టం ఉండదు. దాన్ని మీరే అడిగి తీసుకోండి. అనుకున్నదేమిటో కాగితం మీద పెట్టే చేయి ఎవరిదన్నది చిన్న విషయం కాదు. అయితే ఆ పని శాశ్వతంగా మీ ఒక్కరి నెత్తినే పడి, కోడ్ రాసే పని ఇంకొకరికి పోకుండా చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఆనవాళ్లు ఉంచుకోమంటే కంపెనీ మెయిళ్లను, కోడ్‌ను, క్లయింట్ డేటాను సొంత మెయిల్‌కు పంపుకోమని కాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందం కింద అదే మిమ్మల్ని తీసేయడానికి కారణం కావచ్చు. ఎప్పుడు, ఎవరు, ఏ పని చెప్పారు, ఏం తేలింది అన్నది మీ సొంత డైరీలో, తేదీలతో, మీ మాటల్లో రాసుకోండి.

ఇదంతా చివరికి పరీక్షకు వచ్చేది అప్రైజల్ దగ్గర. ఏడాది మొదట్లో లక్ష్యాలు రాసే గడిలో “టీమ్‌కు తోడ్పడాలి” లాంటి మాట రాసి వదిలేస్తే, ఏడాది చివర దాని అర్థం మేనేజర్ చెప్పినట్టే ఉంటుంది. లక్ష్యం కొలవగలిగేలా ఉండాలి. పనితీరు మెరుగుదల ప్రణాళిక, అంటే ‘పిప్’లో పెట్టినప్పుడు ఇది మరీ ముఖ్యం. “కమ్యూనికేషన్ మెరుగుపరచుకోవాలి” అని రాసి ఇస్తే సంతకం పెట్టేముందు మూడు సంగతులు రాతలో అడగాలి. ఏ పని చేస్తే మెరుగైనట్టు? ఏ తేదీకి? అది తేల్చేది ఎవరు? మన ఇంగ్లీషు యాసను, మన మౌనాన్ని ‘కమ్యూనికేషన్’ అనే ఒక్క మాటలో కట్టి పడేయడం చాలా తేలిక. ఆ మూడు ప్రశ్నలు ఆ మూటను విప్పిస్తాయి.

రాత ఎక్కడ ఆగిపోతుంది

మెయిల్ రాయడం నేర్చుకుంటే వివక్ష పోతుందని మేము చెప్పడం లేదు. వివక్షకు గురైనవాళ్లే నైపుణ్యం పెంచుకోవాలనడం కూడా ఒకరకంగా భారాన్ని మళ్లీ వాళ్ల మీదే వేయడం. ఆ సంగతి మాకు తెలుసు. రాత మనల్ని కాపాడేది కొంతవరకే. ఆ తర్వాత చట్టం కావాలి, సంఘం కావాలి.

చట్టం సంగతి చూడండి. పనిచేసేచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకుమించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. కుల వివక్షపై ప్రైవేటు ఆఫీసులో అలాంటి కమిటీని తప్పనిసరి చేసే చట్టం లేదు. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్లు లేవు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం నలుగురి ముందు కులం పేరుతో దూషించడాన్ని, అవమానించడాన్ని నేరంగా చూస్తుంది. సగం మాట చెప్పి వదిలేయడాన్ని, టీకి పిలవకపోవడాన్ని, రేటింగ్ తగ్గించడాన్ని దాని కిందికి తేవడం కష్టం.

అమెరికాలో 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఒకటి సిస్కో కంపెనీపై దావా వేసింది. ఒక దళిత ఇంజినీర్ కులాన్ని సహోద్యోగుల ముందు బయటపెట్టారని, ఫిర్యాదు చేశాక అతన్ని పనుల నుంచి పక్కకు తప్పించారని ఆరోపణ. కంపెనీ ఆరోపణలను ఖండించింది. 2023లో ఇద్దరు వ్యక్తులపై కేసును ఆ విభాగమే వెనక్కి తీసుకుంది, కంపెనీపై దావాను కొనసాగించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అక్టోబరులో కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేశాడు. ఈ పోరాటాల నుంచి మేము తీసుకున్న పాఠం ఒకటుంది. ఫిర్యాదు ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఎవరిని ఏ పనిలో పెట్టారు, ఎప్పుడు తప్పించారు, ఏమని చెప్పారు అనే. తేదీలతో డైరీ ఉన్నవాళ్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలరు.

హాస్టల్‌లోనే మొదలుపెడదాం

ఇది చదువుతున్న విద్యార్థులకు, కార్యకర్తలకు ఒక ప్రతిపాదన. మీ అంబేద్కర్ స్టడీ సర్కిల్‌లో నెలకో ఆదివారం దీనికి కేటాయించండి. ఒకరు క్లయింట్‌గా కూర్చుని “మంచి హాస్టల్ మెస్ యాప్ కావాలి” అనాలి. అంతకుమించి చెప్పకూడదు. మిగతావాళ్లు ప్రశ్నలు వేసి, పది నిమిషాల్లో ఒక మెయిల్ రాయాలి. చేసేది రెండు లైన్లు, చేయనిది ఒక లైను, జవాబు కావాల్సిన తేదీ. తర్వాత ‘మంచి’ అంటే అసలు ఏమిటో క్లయింట్ బయటపెట్టాలి. మెస్ బిల్లు ఎక్కువ వేస్తున్నారని అతని బాధ అయి ఉండొచ్చు. మీరు మెనూ యాప్ కట్టి ఉండొచ్చు. ఆ తేడా చూసి అందరూ నవ్వుకున్న రోజున, ఉద్యోగంలో ఏడవాల్సిన రోజు ఒకటి తగ్గినట్టే. ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మన సీనియర్ అన్నలు, అక్కలు ఒక పూట వచ్చి తమ ‘ఓకే’ల కథలు చెబితే ఇంకా మేలు.

చివరగా ఒక మాట. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందుంచుతూ బాబాసాహెబ్ ఒక విమర్శకు జవాబిచ్చారు. రాజ్యాంగంలో పరిపాలన వివరాలు ఇంత విపులంగా ఎందుకు, అవి తర్వాత శాసనసభలు చూసుకుంటాయి కదా అన్నది ఆ విమర్శ. రాజ్యాంగాన్ని అక్షరం మార్చకుండానే, పరిపాలన పద్ధతిని మార్చి దాని స్ఫూర్తిని చంపేయొచ్చని ఆయన చెప్పారు. రాజ్యాంగ నీతి జనంలో ఇంకా పాతుకోని దేశంలో వివరాలను శాసనసభల విచక్షణకు వదిలేయకుండా రాసిపెట్టడమే మంచిదన్నారు.

రాయకుండా వదిలేసిన చోట ఎవరి మాట చెల్లుతుందో ఆయనకు తెలుసు. దేశానికి రాజ్యాంగమెంతో మన ఉద్యోగానికి ఒక రెండు లైన్ల మెయిల్ అంత అని పోల్చడం అతిశయోక్తే. అయినా ఈసారి మీ మేనేజర్ లేచి వెళుతూ “కొంచెం ఫాస్ట్‌గా, చూసుకో” అంటే, “ఓకే” అనేయకండి. “సాయంత్రంలోగా మెయిల్ పెడతాను, ఒకసారి చూడండి” అనండి.

జై భీమ్.